పెట్టెలో ఇంకేం పెట్టాలి?

"ఆరు నిమిషాలు. ఏడో నిమిషంలోకి వెళ్ళావంటే సోమవారం నుంచి నువ్విక్కడికి రానక్కర్లేదు," అన్నాడు సూపర్‌వైజరు, కొత్తమ్మాయి కుర్చీ వెనక నిలబడి. "ఈ నెలలో ఇప్పటికే రెండుసార్లు దాటావు."

ఓడ ప్రయాణాల కంపెనీలో ఫోనెత్తే ఉద్యోగం ఆమెది. చేరి మూడు నెలలు కాలేదు. ఎదురుగా తెర మీద గడియారం ఆరు నిమిషాల దాకా పచ్చగా ఉంటుంది, తరవాత ఎర్రబడుతుంది. వారంలోపు ఓడ ఎక్కబోయేవాళ్ళతో మాత్రం ఎంతసేపు మాట్లాడినా తప్పు లేదు. మిగతావాళ్ళకి ఆరే.

సూపర్‌వైజరు అద్దం గోడ అవతలికి వెళ్ళి నిలబడ్డాడు. ఫోన్ మోగింది.

"ఓడ ప్రయాణానికి పెట్టెలో ఏమేం పెట్టుకోవాలమ్మా?" పెద్దావిడ గొంతు. వెనక ఏ చప్పుడూ లేదు, టీవీది కూడా.

సామాను గురించి అడిగేవాళ్ళని బుకింగ్ నంబరు అడగరు. జాబితా అందరికీ ఒకటే. కొత్తమ్మాయి అప్పచెప్పడం మొదలుపెట్టింది.

"ఓడ ఊగితే కడుపులో తిప్పుతుందండీ, దానికి మాత్రలు."

"ఉన్నాయి. ఇంకా?"

"జారని చెప్పులు. డెక్ మీద ఎప్పుడూ తడే."

"ఉన్నాయి. ఇంకా?"

"ఎండకి టోపీ. గదిలో ఏసీకి స్వెట్టర్. కెప్టెన్ ఇచ్చే విందుకి ఒక జత మంచి బట్టలు. ఎక్కిన రోజు పెద్ద పెట్టె సాయంత్రం దాకా గదికి చేరదు, అందుకని మందులూ, ఇంకో జతా చేతిసంచిలో పెట్టుకోవాలి."

"అన్నీ ఉన్నాయమ్మా. ఇంకా?"

"ఇంకేం లేవండీ. నాకంటే మీరే బాగా సర్దారు."

నాలుగు నిమిషాలయింది. ఇక ఆవిడ ఫోన్ పెట్టేస్తుందనుకుంది.

"అది కాదు తల్లీ. నేనొక్కదాన్నే. భోజనాల హాల్లో బల్లలు చూస్తే ఎనిమిదేసి మంది కూర్చునేవి. అక్కడ కూర్చున్నప్పుడు చేతుల్లో ఏం పెట్టుకోవాలి?"

జాబితాలో అది లేదు. కొత్తమ్మాయి కాగితం తిప్పి వెనక వైపు కూడా చూసింది.

"పుస్తకం?"

"చదువుకుంటోందిలే అని వదిలేస్తారు."

"పోనీ, ఫోన్?"

"అందులో తల దూర్చాక ఇంకెవరు కదిలిస్తారు? నువ్వు మధ్యాహ్నం ఎవరితో తింటావు?"

"ఒక్కదాన్నేనండీ. ఫోన్ చూసుకుంటూ."

"ఎవరైనా పలకరిస్తారా?"

గడియారం ఎర్రబడింది. సూపర్‌వైజరు అద్దం మీద వేలితో కొట్టి, పెట్టెయ్యమని సైగ చేశాడు.

"నీకు వేళ మించిపోతోందేమో. పెట్టెయ్యనా అమ్మా?" అంది పెద్దావిడ.

పెట్టెయ్యండి అంటే అయిపోయేది. కొత్తమ్మాయి అద్దం వైపు నుంచి మొహం తిప్పుకుంది.

"లేదండీ, ఉండండి. అల్లిక పెట్టుకోండి. ఊలూ, రెండు సూదులూ. అల్లేవాళ్ళని చూస్తే ఎవరికీ నోరు ఊరుకోదు. ఏం అల్లుతున్నారు, ఎవరికి, అని మొదలుపెడతారు."

"నాకు అల్లడం రాదే!"

"రాకపోతే మరీ మంచిది. తప్పుగా అల్లుతుంటే చూస్తూ భరించేవాళ్ళుంటారా? ఇలా ఇవ్వండి, నేను చూపిస్తానంటూ పక్కనే కూలబడతారు."

పెద్దావిడ పకపకా నవ్వింది. "ఆగాగు, రాసుకోనీ. అల్లిక. ఇది నిజంగానే లేదు నా దగ్గర. ఇంకా చెప్పు."

"మూత బిగుసుకుపోయిన సీసా ఒకటి. కాస్త తీసిపెడతారా అని పక్కవాళ్ళకిస్తే సరి."

"గట్టిగా నేనే బిగించుకుని వెళతాలే. ఇంకా?"

కొత్తమ్మాయి కూడా నవ్వేసింది. ఆ కుర్చీలో కూర్చుని నవ్వడం ఆమెకి అదే మొదటిసారి. పేకముక్కలు చెప్పింది. ఫొటో తియ్యమని ఇతరుల చేతికివ్వడానికి ఓ పాత కెమెరా చెప్పింది. పెద్దావిడ ప్రతిదీ పైకి చదువుతూ రాసుకుంది.

సూపర్‌వైజరు చుట్టూ తిరిగి లోపలికే వచ్చేశాడు. "పందొమ్మిది నిమిషాలు! ఎప్పుడెక్కుతోందట ఆవిడ?"

కొత్తమ్మాయి మైకుకి చెయ్యి అడ్డం పెట్టింది. "ఈ వారమే అయ్యుంటుంది సార్. పెట్టె దాదాపు సర్దేసుకున్నారు."

"నంబరు అడుగు. వారంలోపైతే బతికిపోయావు. కాదంటే నీ సంచీ సర్దుకో, దానికి జాబితా నేను చెప్తాను."

"అమ్మా, మీ బుకింగ్ నంబరు చెప్తారా?"

అవతల నవ్వు ఆగిపోయింది. "ఇప్పుడదెందుకులే తల్లీ."

"చెప్పండమ్మా. నా ఉద్యోగం మీదికొచ్చింది."

కాగితం విప్పిన చప్పుడు వినిపించింది. ఆవిడ ఒక్కొక్క అంకే చెప్తుంటే కొత్తమ్మాయి కొట్టింది. తెర మీద వివరాలు వచ్చాయి. ఒక్కరికే గది. ఏడు రోజులు. కింద తేదీలు. ఆ తేదీల్ని ఆమె రెండుసార్లు చదివింది. సూపర్‌వైజరు ముందుకి వంగి తనూ చదివాడు.

"అమ్మా... మీ ఓడ పోయిన ఆదివారమే తిరిగొచ్చేసింది కదా?"

"వచ్చేసింది తల్లీ. ఏడు రోజుల్లో ఒక్కళ్ళు కూడా నాతో మాట్లాడలేదు, ఏం పెట్టుకోవడం మర్చిపోయానో కనుక్కుందామని చేశాను."