పిచ్చుకల కుచ్చు

"ఏవండీ, పిచ్చుకలొచ్చేయా?"

వెనకనుంచి వీరవేణి గొంతు వినబడగానే పెదబాబు గుండె గుభేలుమంది. పిచ్చుకలొచ్చాయా అని పెళ్లాం అడిగితే జడుసుకునే మొగుడు యానాం మొత్తం మీద అతనొక్కడేనేమో!

పెరటి వసారా చూరుకి వరికంకుల కుచ్చు కట్టింది అతనే. ఏటా కోతలప్పుడు పక్కనున్న అడవిపొలం ఊరికెళ్లి కంకులు తెచ్చి, జడలా అల్లి వేలాడదీస్తాడు. పొద్దున్నే అరుగు మీద కూచుని, ఏ పిట్ట వచ్చిందో, ఏది దేన్ని తరిమిందో వీరవేణికి చెబుతూ కాఫీ తాగడం అతనికి పెద్ద భోగం. ఈ ఉగాది వెళ్లేసరికి ఆ భోగమే భయమై కూచుంది. షుగరు అతని చూపుని తినేసింది. ఎటు చూసినా నట్టనడుమ బూడిదరంగు మచ్చ. కాకినాడలో కళ్ల డాక్టరు ఇక ఆటో తోలొద్దని గట్టిగా చెప్పాడు. ఇంటికొచ్చి, చుక్కలమందు వేసుకుంటే తగ్గిపోతుందన్నాడని పెళ్లాంతో అబద్ధమాడాడు. బడిపిల్లల్ని తిప్పే ఆ ఆటో ఒక్కటే ఇంటికి ఆధారం. తోలకపోతే ఇల్లు గడిచేదెలా?

"ఆఁ, వచ్చేయి," అన్నాడు చెవులు రిక్కించి. కనబడకపోతేనేం, వినబడతాయిగా! ఇన్నాళ్లూ అలాగే నెట్టుకొస్తున్నాడు. ఈవేళ వాటి గోల కూడా రోజూకంటే ఎక్కువగానే ఉంది.

వీరవేణి వచ్చి పక్కన కూచుంది. కూతురు ధనశ్రీకి తలనొప్పిగా ఉందనీ, ఇవాళ బడికి పంపడం లేదనీ చెప్పింది.

తలనొప్పి అనగానే పెదబాబు ఆమె వైపు తిరిగాడు. నిన్న ఫరంపేట మలుపులో, పక్కింటి రాహేలు కూతురు షారోన్ "బాబాయ్, దూడ!" అని అరవకపోతే ఏమయ్యేదో! బ్రేకు తొక్కేసరికి ఆటో ఒరిగి, పిల్లలంతా ఒకరి మీద ఒకరు పడ్డారు. అందులో ధనశ్రీ కూడా ఉంది. ఇళ్లల్లో చెప్పొద్దని అందరికీ ఐస్‌ఫ్రూట్లు కొనిపెట్టాడు. రాత్రంతా కళ్లు మూస్తే ఆ అరుపే. కూతురు గానీ చెప్పేసిందా? పెళ్లాం మొహం చూసి కనిపెడదామంటే అక్కడా మచ్చే. గొంతులో మాత్రం తేడా ఏమీ లేదు.

"ఎన్నున్నాయండీ?"

"రెండు. ఓ పోతు, ఓ పెట్ట."

"ఎక్కడ? జామచెట్టు మీదా?"

కిచకిచలు చూరు దగ్గర్నించే వస్తున్నట్టున్నాయి. ఈ వేళప్పుడు పిచ్చుకలు కుచ్చుని వదిలి ఇంకెక్కడుంటాయి?

"కుచ్చు మీదే. పోతు తలకిందులుగా వేలాడి గింజలు ఒలుచుకుంటంది. పెట్టేమో చోటియ్యమని దాన్ని పొడుస్తంది."

"సరిగ్గా చూసి చెప్పండి."

"నీకంత అనుమానమేంటే? కళ్లెదురుగా కనబడతంటే!"

హమ్మయ్య, ఈపూటకి గండం గడిచిందనుకున్నాడు పెదబాబు. వీధిలో షారోన్ అప్పుడే ఆటో ఎక్కేసి హారన్ కొడుతోంది. లేచి, తాళంచెవి కోసం అరుగంతా తడిమాడు. రోజూ పెట్టే చోట లేదు.

"నా దగ్గరుందండి," అంది వీరవేణి. ఇవ్వలేదు.

వరికుచ్చు ఆమె ఒళ్లో ఉంది.