ఏదీ మిగలని దుకాణం

మా నాన్న స్టూడియోలో ఊరందరి నెగెటివులూ బిస్కెట్ డబ్బాల్లో ఉండేవి. నా దుకాణంలో ఎవరిదీ ఏదీ మిగలదు. వచ్చినవాళ్ళ ఫోన్‌తోనే ఫొటో తీసి, అందులోనే ఫొటోలు దిద్దే నా వెబ్ పేజీ తెరిచి దిద్ది, వాళ్ళ కళ్ళముందే మూసేయాలి. ఆస్పత్రిలో ఎక్స్‌రే అయినా, బ్యాంకులో సంతకమైనా ఇప్పుడింతే. ఎవరి సరుకు వాళ్ళ ఫోన్లోనే. మూసేదాకా నా చేతుల్నే చూస్తారు, నేనేదో జేబుదొంగనైనట్టు.

పొద్దున్నే వెల్డింగ్ సత్తిరాజు భార్య భవానమ్మ వచ్చింది. అతను పోయి వారం దాటింది. ఆమె చేతిలో అతని ఫోను, సంచిలో ఖాళీ ఫ్రేము.

"అన్నయ్యగారూ, దీపావళికి మీరు దిద్దిన ఫొటో ఇయ్యండి. రేపు పెద్దకర్మ."

"నా దగ్గరేం ఉండదమ్మా. ఆ ఫోన్లోనే ఉంది."

"ఇది ఆయన మొహం చూస్తేనే తెరుచుకుంటాదంట. ఆ మొహం ఎక్కణ్ణించి తేను?"

"నీ ఫోన్లో ఒక్కటీ లేదా?"

"తియ్యనిచ్చేవాడా? ఎవరికి పంపేస్తావో అనేవాడు."

ఏమీ లేదని తెలిసీ సొరుగులన్నీ లాగాను, నా ఫోన్లో పేజీ తెరిచాను, మూశాను, మళ్ళీ తెరిచాను. తెల్లగా ఉంది.

"ఒక్కటైనా దాచుకోలేదా? మరీ అంత మంచోళ్ళా మీరు?"

"మీ ఆయన నన్ను నమ్మక పేజీ రెండుసార్లు మూయించాడమ్మా!" అని కసిరాను.

ఆమె కొంగుతో ఫ్రేము అద్దం తుడిచింది.

"పోనీ, అందులో నవ్వాడా?"

అబద్ధం నోటిదాకా వచ్చింది.

"లేదమ్మా. ఎంత చెప్పినా బిగుసుకునే నిలబడ్డాడు. పేజీ మూసేశాక నవ్వాడు."