డబ్బాలో నీలి గుళికలు

“నాన్నా, మళ్లీ గులాబీ రంగుకొచ్చేశాయి!”

కుక్కర్ మూతకి పిడి బిగిస్తున్న తండ్రి తలెత్తలేదు. కూతురు స్టీలు డబ్బా తెచ్చి ఆయన ముందు పెట్టింది. అందులో అమ్మ బడిలో చెప్పిన పాఠాల నోట్సు పుస్తకాలు పదకొండు, ఓ మూల మూత లేని చిన్న సీసాలో తేమ పీల్చే కోబాల్టు గుళికలు. మొన్న ఆదివారమే వాటిని మూకుడులో వేయించి నీలంగా మార్చి పెట్టింది.

“తేమ తగిలిందేమోలే.”

“తగలకూడదనే కదా డబ్బా! అమ్మ ఏం రాసిందో విను.” పై పుస్తకం తెరిచి చదివింది. “‘పరివర్తన లోహాల లవణాలు చాలావరకు రంగుల్లో ఉంటాయి. లోహం అదే, దాని చుట్టూ చేరేవి మారితే రంగు మారుతుంది. కోబాల్టు క్లోరైడు పొడిగా ఉంటే నీలం, తడి తగిలితే గులాబీ. దానికి అబద్ధం చెప్పడం రాదు పిల్లలూ.’ నువ్వేమైనా డబ్బా తెరుస్తున్నావా?”

“నాకెందుకమ్మా? మూడో తరగతి చదివినవాణ్ని, చూసి ఏం చేసుకోను? మూత రబ్బరు సరిగ్గా కూర్చోలేదంతే.”

అమ్మ పోయి ఏడాది దాటింది. ఆయన కంట చుక్క నీరు రాలేదు. నాలుగో రోజే కుక్కర్ల రిపేరు కొట్టు తెరిచాడు. కూతురు ఆ సంగతి ఇంకా మరిచిపోలేదు.

“ఇది మూడో రబ్బరు నాన్నా! ఊళ్లోవాళ్ల కుక్కర్లన్నీ ఆవిరి పోకుండా బిగిస్తావు. అమ్మ డబ్బా దగ్గరికొచ్చేసరికి చేతకావడం లేదా?”

ఆయన పనికి వంక పెట్టడమంటే మాటలు కాదు. ఒకసారి ఎవరో పెడితే రెండు రోజులు అన్నం సహించలేదు. ఇప్పుడు మాత్రం తల దించుకుని, “వయసైపోతోంది కదమ్మా, చెయ్యి తప్పుతోంది” అన్నాడు.

కూతురికి జాలేసింది. అంతకు మించి ఒళ్లు మండింది.

“సోమవారం నేను టీచరుగా చేరడానికి వెళ్తున్నానుగా, డబ్బా కూడా పట్టుకెళ్లిపోతా. ఇక్కడుంటే బూజు పడుతుంది. అమ్మ చేతిరాత పోతే మళ్లీ ఎక్కణ్నుంచి తెస్తాం?”

ఆయన చేతిలో స్క్రూడ్రైవర్ ఆగింది.

“తీసుకెళ్లమ్మా. అవి పాడవకుండా ఉండాలి, అంతేగా.”

లేచి పంపు దగ్గర మోచేతుల దాకా సబ్బు రుద్దుకోసాగాడు.

“ఆ సబ్బొకటి! నెలకి నాలుగు అరగదీస్తున్నావు. అమ్మ ఉన్నప్పుడు గ్రీజు చేతుల్తోనే కంచం ముందు కూర్చునేవాడివి, అరిచి అరిచి ఆవిడ గొంతు పోయేది. ఇప్పుడొచ్చిందా శుభ్రం?”

ఆయన నవ్వాడు. “ఇంకాస్త మందం రబ్బరు దొరుకుతుందేమో చూసొస్తా” అని సైకిలెక్కి వెళ్లాడు.

ఆమెకి కాలు నిలవలేదు. ఆ లీకేదో తనే పట్టి, ఆయన రాగానే చూపించాలనుకుంది. పుస్తకాలూ సీసా తీసి బల్ల మీద పెట్టింది. మూత గట్టిగా బిగించింది. ఆయన లీకులు పట్టే తొట్టిలో వేడినీళ్లు పోసి, డబ్బాని రెండు చేతులా అడుగుకి అదిమింది. లోపలి గాలి వేడెక్కితే, సందున్న చోట బుడగ రావలసిందే. చిన్నప్పుడు ఆయనే నేర్పాడు.

డబ్బాని ఇటు తిప్పింది, అటు తిప్పింది. నీళ్లు చల్లారేదాకా కళ్లార్పకుండా చూసింది.

ఒక్క బుడగా రాలేదు. ఆమె చూపు పంపు గట్టు మీద అరిగిన సబ్బు మీద పడింది.