నీళ్ల డబ్బాలో పూసలు

"మచ్చ ఉంది. రేపే కోసి తీసేయాలి," అన్నాడు పెద్ద డాక్టరు.

"మచ్చా లేదు, మసీ లేదు. ఆవిణ్ణి ఇంటికి పంపేయండి మామయ్యా," అన్నాడు ఆయన అల్లుడు, చిన్న డాక్టరు.

ఆవిడంటే గోడవారన స్టూలు మీద కూర్చున్న దర్జీ ఆవిడ. తన కాలేయం కోసం మామా అల్లుళ్లు కాట్లాడుకుంటుంటే, కోత ఖాయమో కాదో తేలక బిక్కచచ్చి వింటోంది.

తెర మీద రెండు బొమ్మలు. రెండూ ఆమె ఒక్క స్కానులోవే. కంప్యూటరు పాత లెక్కతో కూర్చిన బొమ్మ ఇసక చల్లినట్టుంది. అందులో ఓ మూల చిన్న మచ్చ. కొత్త లెక్కతో కూర్చినది అద్దంలా నున్నగా ఉంది. అందులో మచ్చ లేదు. ఇసకతోపాటు మచ్చనీ తుడిచేసిందని మామ, ఆ మచ్చ కూడా ఇసకేనని అల్లుడు. పొద్దుటినుంచీ ఇదే వరస. కాఫీ కూడా ఎడమొహం పెడమొహంగానే తాగారు.

దర్జీ ఆవిడకి లెక్కలు తెలియవు, ఇస్త్రీ తెలుసు.

"నాది ముడతో చిరుగో చెప్పండి బాబూ, చాలు. ఇస్త్రీలో చిరుగుని మడత కింద దాచేసేవాళ్లని చూశాను," అంది.

మామ కిసుక్కున నవ్వాడు.

"ముడతని చూసి చిరుగనుకుని కత్తెర పెట్టేవాళ్లనీ చూశాను," అంది ఆవిడే.

మామ నవ్వు ఆగిపోయింది.

స్కాను తీసేది పెద్దాయన కూతురే. మచ్చ నిజమైతే తేలి కనబడేలా నరంలోకి రంగు మందు ఎక్కించి మళ్లీ తీద్దామని ఆమె అప్పటికి నాలుగుసార్లు చెప్పింది. "నువ్వుండమ్మా," అన్నాడు తండ్రి. "నువ్వుండవోయ్," అన్నాడు మొగుడు. ఆ పూట ఇద్దరికీ కుదిరిన మాట అదొక్కటే.

ఆమె బీరువాలోంచి నూగింజలంత పూసలున్న, దారంతో ముడేసిన పొట్లం తీసి ఇద్దరికీ చూపించింది. మిషను పనితనం పరీక్షించే నీళ్ల డబ్బాని స్కాను తీస్తానంది. అందులో పూసలెన్నో సరిగ్గా చెప్పినవాళ్ల మాటే చెల్లుతుంది. ఇద్దరూ తప్పు చెబితే తన మాట. ఇద్దరూ ధీమాగా ఒప్పుకున్నారు. ఆమె లోపలికెళ్లి డబ్బా సర్ది వచ్చింది. ఈసారీ రెండు బొమ్మలు తెర మీదికొచ్చాయి.

పెద్దాయన కళ్లజోడు నుదుటి మీదికి తోసి, ఇసక బొమ్మకి ముక్కు ఆనించి పెన్సిలుతో పొడిచి పొడిచి లెక్కపెట్టాడు. "ఏడు. నా అనుభవం మీద ఒట్టు."

"మూడే," అన్నాడు అల్లుడు నున్నటి బొమ్మ చూస్తూ. "ఎంత గుండ్రంగా ఉన్నాయో చూడండి. మీరు లెక్కపెట్టిన మిగతా నాలుగూ ఇసక."

దర్జీ ఆవిడ కూడా లేచి తొంగిచూసింది. ఆమెకి ఒక్కటీ కనబడలేదు. ఇన్నేళ్లూ సూదిలో దారం ఎక్కించిన కళ్లు ఇవాళే పోయాయా అని హడలిపోయింది.

కూతురు కోటు జేబులోంచి పూసల పొట్లం తీసి బల్ల మీద పెట్టింది. దాని ముడి ముడిలానే ఉంది.

"పదండి పిన్నీ, రంగు మందు ఎక్కిద్దాం. డబ్బాలో ఉన్నవి ఉత్త నీళ్లు."