చారెడు పిండి

చెంచా ఇంకా నోటికి చేరనే లేదు, ఎవరిదో చెయ్యి వచ్చి చేపపిల్ల ముందున్న ప్లేటు లాగేసింది.

చేపపిల్ల అన్నది ఈత కోచ్ పెట్టిన ముద్దుపేరు. పదిహేనేళ్ళ పిల్ల. పొద్దున పోటీల్లో నెగ్గింది. సాయంత్రం నాలుగింటికి ఫైనల్.

పక్కనున్న తల్లి దిగ్గున లేచింది.

ఎదురుగా బూడిద రంగు స్వెటర్ వేసుకున్న ఒకావిడ. వంటగదిలోంచి పరుగెత్తుకొచ్చినట్టుంది, రొప్పుతోంది. చంకలో వేడినీళ్ళ ఫ్లాస్కు.

"తిననివ్వకండమ్మా! ఇందులో గోధుమపిండి పడింది. నేను చూశాను."

"ఎవరండీ మీరు? నోటికాడి కూడు లాక్కుంటారా?"

తల్లికి ఒళ్ళు మండింది. గోధుమ సంగతి తనకి ఇంకొకళ్ళు చెప్పాలా!

ఆరేళ్ళుగా ఆమెకి అదే కాపలా. గోధుమలో, బార్లీలో ఉండే గ్లూటెన్ పాపకి పడదు. గోరంత లోపలికి వెళ్ళినా రెండు గంటల్లో కడుపునొప్పితో మెలికలు తిరిగిపోతుంది. నిరుడు సాస్‌లో ఏదో కలిసి, ఫైనల్ మధ్యలో నీళ్ళలోంచి పిల్లని ఇద్దరు మోసుకొచ్చారు. అప్పట్నించీ ఎక్కడికెళ్ళినా విడి గరిటె, విడి ప్లేటు, వెయ్యి ప్రశ్నలు. ఈ రోజూ అడిగే పెట్టించింది.

వడ్డించే అతన్ని కేకేసింది.

"ఏమయ్యా, కూరలో పిండి వేశారా?"

"అబ్బే, లేదమ్మా. బంగాళాదుంపలు, ఉప్పు, నూనె. గ్లూటెన్ లేనిదని బోర్డు కూడా పెట్టాంగా!"

"విన్నారా?"

"అతనికి తెలీదమ్మా. లోపల వంటాయన..."

"ఇంక చాలు. ప్లేటిలా ఇవ్వండి."

ఆవిడ ఇవ్వలేదు. ఇవ్వకపోగా, తీసుకెళ్ళి చెత్తబుట్టలో బోర్లించేసింది.

భోజనాల హాలంతా చెంచాలు ఆపి చూస్తోంది. పాప కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"నిరుడు కూడా చూశానమ్మా ఈ పిల్లని" అంది ఆవిడ, గొంతు తగ్గించి.

తల్లికి ఠక్కున అనుమానం వచ్చింది.

"ఓహో! అయితే నిరుడూ మీరేనా?"

గొడవ విని పోటీల సెక్రటరీ వచ్చాడు.

"సార్, ఈవిడ ఇక్కడుంటే మా పాప మంచినీళ్ళు కూడా ముట్టదు. ఆవిడో, మేమో తేల్చండి."

చెత్తబుట్టలో ప్లేటు కనబడుతూనే ఉంది. ఆయనకి ఇంకేం అడగాలనిపించలేదు.

"కార్డు ఇచ్చేసి గేటు బయటికి నడవండమ్మా."

"సార్, సార్... నాలుగింటికి ఒక్క పది నిమిషాలు రానివ్వండి. ఏ మూలో నిలబడతాను."

"నాలుగింటికే మా పాప ఫైనల్" అంది తల్లి. "సరిగ్గా అప్పుడే ఈవిడకి ఇక్కడేం పనో అడగండి సార్!"

ఆవిడ ఏదో చెప్పబోయింది. ఒకసారి పాప మొహం చూసింది. పెదవులు బిగించి, మెళ్ళో కార్డు తీసి ఆయన చేతిలో పెట్టి వెళ్ళిపోయింది.

ఇంకో ప్లేటు తెస్తానన్నాడు వడ్డించే అతను.

"నాకొద్దమ్మా, వాంతొచ్చేలా ఉంది" అంది పాప. సంచిలో ఉన్న ఉడికించిన గుడ్లు, అరటిపళ్ళు తిని గదిలో పడుకుంది.

మూడింటికి తల్లి వేడినీళ్ళకోసం వంటగదికి వెళ్ళింది. వంటాయన మంచి హుషారుగా ఉన్నాడు.

"మధ్యాహ్నం బంగాళాదుంపల కూర ఎలా ఉందమ్మా? ముందు నీళ్ళోడుతూ వచ్చింది. దించేముందు చారెడు గోధుమపిండి చల్లానా, ఇట్టే చిక్కబడింది!"



"ఏ కూర? బోర్డు పెట్టిన కూరేనా?"

"అదే."

"గ్లూటెన్ లేదని రాశారు కదయ్యా!"

"రాశాం. ఇంత పెద్ద గిన్నెకి చారెడు ఓ లెక్కా? ఎవరో స్వెటరావిడ కూడా ఇలాగే గుడ్లురిమింది నామీద."

తల్లి గుమ్మం దాకా వచ్చి ఆగింది.

గేటు ఎంతో దూరం లేదు. సెక్రటరీతో ఒక్కమాట చెప్తే కార్డు తిరిగి ఇచ్చేస్తాడు. కానీ పాపని లేపాలి, ఒళ్ళు వేడెక్కించాలి, జుట్టంతా టోపీలోకి దూర్చాలి, ధైర్యం చెప్పాలి. క్షమాపణదేముంది, ఎక్కడికి పోతుంది! పోటీ అయిపోనీ, ఆవిడ చేతులు పట్టుకుని అడుగుతాను అనుకుంది.

నాలుగింటికి ఈల మోగింది. ఎనిమిది మంది ఒక్కసారిగా నీళ్ళలోకి దూకారు.

పాపా, పక్క వరసలో నీలం టోపీ పిల్లా భుజం భుజం కలిపి ఈదుతున్నారు. ఒకసారి ఈ తల ముందు, ఒకసారి ఆ తల ముందు.  కడుపు పట్టుకుంటుందేమో, ఆగిపోతుందేమో అని ప్రతి మలుపు దగ్గరా తల్లి చచ్చి బతికింది.

వేలెడు తేడాతో పాప చెయ్యి గోడని ముందు తాకింది.

పతకాలివ్వడం అయిందో లేదో, కళ్ళు తుడుచుకుంటూ తల్లి గేటుకేసి పరుగెత్తింది.

ఆవిడ ఎక్కడికీ వెళ్ళలేదు. గేటు ఊచల అవతల నిలబడే ఉంది. అక్కడినుంచి ఎత్తు గోడ తప్ప మరేం కనబడదు.

"ఏమండీ... తప్పు నాదేనండీ, నేను..."

"పాపకి ఒంట్లో బాగుందా?"

"బాగుందండీ. గెలిచింది."

"పోన్లెండి" అని నవ్వింది ఆవిడ. కానీ చూపు మాత్రం తల్లి భుజం మీదుగా ఇంకెక్కడో వెతుకుతోంది.

ఇంతలో వెనకనుంచి తడి చెప్పుల టపటప. రెండో స్థానం పతకం మెడలో ఎగురుతుండగా, నీలం టోపీ పిల్ల వచ్చి, పాప తల్లిని దాటుకుని వెళ్ళి గేటు ఊచలు పట్టుకుంది.

"అమ్మా, చూశావా? వేలెడంతే తేడా! ఎంత వెతికానో, అసలు ఎక్కడ కూర్చున్నావ్?"

"చూశానే పిచ్చిదానా," అంది ఆవిడ, ఊచల్లోంచి చెయ్యి పెట్టి ఆ తడి చెంపలు తుడుస్తూ, "మొదట్నించీ చివరిదాకా చూశాను."