బందీపూర్ దాటాక

ఆవకాయ గాజుసీసాలో పెట్టాలా, ప్లాస్టిక్ డబ్బాలోనా అని ఇందుమతికీ ఆమె భర్త రఘోత్తంకీ పొద్దున్నుంచీ పేచీ.

"పన్నెండు రోజులు కారులో, ఆరు అడవులు! సీసా పగిలితే ఆ ఘాటుకి పులులు కూడా తుమ్ముతాయి."

"డబ్బాలో పెడితే వాసనొస్తుందండీ."

అందరి ఇళ్లలో లాగే వాళ్ల గోడ మీది తెరలో కూడా, చేయబోయే ప్రయాణం ఫోటోలు ముందే వచ్చేశాయి. అవి తప్పినట్టు ఇంతవరకూ ఎవరూ వినలేదు. సీసా పగులుతుందో లేదో చూద్దామని ఇందుమతి ఒక్కొక్కటే తిప్పింది. నల్లమలలో సీసా భద్రంగానే ఉంది. బందీపూర్ దాటాక మాత్రం తండ్రీకూతుళ్ల పళ్లేల పక్కన కొట్లో కొన్న ఆవకాయ ప్యాకెట్ ఉంది. తను ఎక్కడా లేదు.

"ఫోటో తీసేది నువ్వేగా అమ్మా," అంది కూతురు చైత్ర.

తను పక్కనుంటే ఆ ప్యాకెట్ కొననిస్తుందా? ఇందుమతి ప్రయాణం రద్దు చేసింది. వెంటనే ఫోటోలు మారాయి. ఆ బందీపూర్ ఫోటో తేదీనే ఈ ఇంటి భోజనాల బల్ల, దాని మీద అదే ప్యాకెట్, ఖాళీగా తన కుర్చీ.

మధ్యాహ్నం అన్నం వడ్డిస్తూ ఆమె చెప్పింది.

"వెళ్తున్నాం. సీసాతోనే. తిన్నాక ఇద్దరూ చేతులు తడి లేకుండా తుడుచుకుని రండి. కాయలు కొట్టించి ఉంచాను. ఆవకాయ కలపడం నేర్పిస్తాను."