ఇంకో ఇరవై ఏళ్లు

"ముడతలు తీసెయ్యమనేవాళ్లే గానీ, పెట్టమన్నది నువ్వే పెద్దమ్మా" అంది అరబా, కంప్యూటర్ దగ్గరికి కుర్చీ జరుపుకుంటూ.

బెంట్సివా నవ్వలేదు. చేతిసంచి ఒళ్లో పెట్టుకుని తెర మీది ఫోటోనే చూస్తోంది. పాతకాలపు నలుపు తెలుపు ఫోటో. స్టూడియో కుర్చీలో ఓ ఇరవై ఏళ్ల పడుచుపిల్ల, నడుముకి చుట్టిన నేతబట్ట మీద రెండు చేతులూ పెట్టుకుని కూర్చుంది. బెంట్సివాదే ఆ వెడల్పాటి నుదురు, ఆ పైపళ్ల మధ్య సందు.

"దేనికిది?"

"ఆదివారం నాకు డెబ్భై నిండుతాయి. చర్చిలో ప్రార్థన పెట్టించాను. నా కుర్చీ పక్కన పెద్ద ఫోటో నిలబెట్టాలి."

"దానికింత తంటా ఎందుకు? ఆ స్టూలు మీద కూర్చో, రెండు నిమిషాల్లో తీస్తాను. ముడతలు నీకు ఉచితంగానే ఉన్నాయి కదా."

"కొత్తది వద్దు. ఇదే కావాలి."

కొటొకురాబా సంతలోని తన ఫోటో కొట్టులో అరబా చెయ్యని మరమ్మతు లేదు. పెళ్లి ఫోటోలోంచి వదిలేసిన మొగుణ్ణి తీసేసి ఆ చోట పూలకుండీ పెట్టింది. బతికున్నన్నాళ్లూ ఖరీదైన కెంటే నేతబట్ట కట్టని ముసలాయనకి చావు పోస్టరులో కట్టింది. కానీ ముసలితనం అడిగినవాళ్లంటే ఆమెకు భయం. కిందటేడు ఒకావిడకి జుట్టు నెరిపించి ఇస్తే, ఆవిడ ఆ ఫోటో చూపించి వంశానికి పెద్దావిణ్ణి నేనేనంది. ఆ పెద్దరికం తమదన్న రెండో పక్షం వాళ్లొచ్చి కొట్టు ముందు కూర్చున్నారు. కొట్టు మూయించేదాకా వెళ్లింది ఆ తగువు.

అయినా పని మొదలుపెట్టింది. జుట్టు నెరిపించింది. బెంట్సివా ముఖంలోకి చూస్తూ, కంటి చివర గీతలు ఉన్నవున్నట్టు దించింది. ఎడమ చెంప మీది చిన్న గాటు కూడా పెట్టింది.

"గాటు తీసెయ్."

"నీదేగా?"

"నాదే. పుట్టగానే తల్లి పోతే, నేనూ ఆవిడ వెంటే పోతానని భయపడి పెట్టారు. ఫోటోకి వద్దు."

అరబా పాత ఫోటో పెద్దది చేసి చూసింది. చెంప నున్నగా ఉంది. 'ఆ కాలం స్టూడియోవాళ్లూ మాకేం తీసిపోలేదు' అనుకుని గాటు చెరిపేసింది. అలవాటు చొప్పున నడుము దగ్గర కాస్త సన్నం చెయ్యబోయింది.

"పొట్ట జోలికి వెళ్లకు."

ఆ గొంతులోని కరుకుదనానికి అరబా చెయ్యి వెనక్కి తీసుకుంది.

"సరేలే, నీ పొట్ట నీ ఇష్టం. ఇదిగో, అచ్చం నీలాగే వచ్చింది."

బెంట్సివా కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చూసింది.

"చాలదు. ఇంకో ఇరవై ఏళ్లు పెంచు."

అరబా మౌస్ వదిలేసింది. "పెద్దమ్మా, ఉన్నదున్నట్టు చెప్పు. ఎవరి పెద్దరికం కాజేద్దామని?"

"ఎవరిదీ కాదమ్మా."

"డెబ్భై ఏళ్ల మనిషి తొంభై ఏళ్లున్నట్టు కనబడాలనుకోవడం నేనెక్కడా చూళ్లేదు. నాకు కూడు పెట్టేది ఈ కొట్టే. ఎందుకో చెప్పకపోతే నీ ఫోటో నువ్వు పట్టుకెళ్లు."

బెంట్సివా కళ్లజోడు తీసి భుజం మీది బట్ట అంచుతో తుడుచుకుంది. కోపం రాలేదు ఆమెకు. ముందుకు వంగి, నెరిసిన జుట్టునీ, కొత్తగా వచ్చిన ముడతల్నీ గాజు మీంచే మెల్లగా నిమిరింది. వేలు కిందికి జారి, నేతబట్ట మీది రెండు చేతుల దగ్గర ఆగింది.

"ఆ పొట్టలో ఉన్నది నేను."